మొలాసిస్ లెక్క కూడా రాయాలె, బిడ్డా

నిజామాబాద్

చిరంజీవి బిడ్డకు,

నీ ఉత్తరం, దాంతోపాటు నీ పీహెచ్‌డీ అంశం గురించి రాసిన కాగితాలు రెండుసార్లు చదివిన. గడ్డకట్టే చలిలో ఖనిజాలు ఎట్ల పుడతయి, అవి పుట్టినప్పుడు, కరిగినప్పుడు కార్బన్ ఎటు నుంచి ఎటు పోతది అన్నది నీ పరిశోధన. సీటు వచ్చింది, ఫెలోషిప్ ఉంది, అయినా మనసు నిలుస్తలేదని రాసినవు. బోధన్ దిక్కు పిల్లకు మంచుతో ఏం పని అని ఇంట్లో అడుగుతున్నరట. ఒక్కోసారి నీకూ అదే ప్రశ్న వస్తున్నదట.

నా మాట ముందే చెప్త. పో. నిండు మనసుతో పో. ఎందుకు పొమ్మంటున్ననో, పోయినంక ఏది మరవొద్దో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను చదువైపోయిన నాటి నుంచి రిటైరయ్యేదాక చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా చేసినోణ్ని. మంచుసముద్రం కండ్లతో చూడలేదు. కాని నీ కాగితాల్లో ఉన్న రసాయనం నాకు పరాయిగా అనిపించలేదు. పాన్ అనే వండే పాత్రలో రసం చిక్కబడుతుంటే చక్కెర గింజ కడుతది. ఆ గింజ తనలోకి చక్కెరనే తీసుకుంటది. లవణాలు, మలినాలు చుట్టూ ఉన్న ద్రవంలో మిగిలిపోతయి. సెంట్రిఫ్యూగల్ యంత్రంలో తిప్పితే గింజ ఒక దిక్కు, ద్రవం ఒక దిక్కు. ఆ ద్రవాన్ని మళ్లీ మళ్లీ వండంగ, ఇక గింజ కట్టని స్థితిలో మిగిలేదే మొలాసిస్. సముద్రం గడ్డకట్టేటప్పుడూ పద్ధతి ఇదే. మంచు స్ఫటికం నీళ్లను మాత్రమే తీసుకుంటది, ఉప్పులన్నిటినీ బయటికి నెడుతది. ఆ ఉప్పులు మంచు నడుమ సన్నటి కాలువల్లో, గుంటల్లో చిక్కటి ద్రవంగా నిలుస్తయి. దాన్నే మీరు బ్రైన్ అంటరు.

మామూలు సముద్రపు నీళ్లు సున్నాకు దిగువన 1.8 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడతయి. చలి పెరిగిన కొద్దీ బ్రైన్ చిక్కబడుతది, ఒక్కో ఉప్పు తన వంతు వచ్చినప్పుడు గింజ కడుతది. సున్నాకు దిగువన 2 డిగ్రీలు దాటంగనే కాల్షియం కార్బోనేట్, 6 నుంచి 8 డిగ్రీల నడుమ సోడియం సల్ఫేట్, 23 డిగ్రీల దగ్గర మనం కూరలో వేసుకునే ఉప్పు. అన్నిటికన్నా ముందు వచ్చే ఆ కాల్షియం కార్బోనేట్ మన ఇండ్ల సున్నపురాయి రూపంలో రాదు. ఒక్కో అణువుకు ఆరు నీటి అణువులను చేర్చుకుని వస్తది. దాని పేరే ఇకైట్. చలిలో ఉన్నంతసేపే దాని బతుకు. జెర వేడి తగిలితే నీళ్లు విడిచిపెట్టి మామూలు కాల్సైట్‌గా మారుతది, లేకుంటే కరిగిపోతది.

ఈ ఖనిజం చరిత్రలో మన చెరుకు ప్రాంతం వాళ్లకు నచ్చే సంగతి ఒకటుంది. ప్రకృతిలో దీన్ని ఎవ్వరూ చూడకముందే ల్యాబులో చూసినరు. 19వ శతాబ్దంలో పెలూజ్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త చక్కెర నీళ్లలో సున్నం కరిగించి, చలిలో దానికి కార్బన్ డయాక్సైడ్ తగలనిచ్చి, నీళ్లను పట్టుకున్న కాల్షియం కార్బోనేట్ స్ఫటికాలను రాబట్టిండు. మామూలు నీళ్లలో సున్నం కొంచెమే కరుగుతది. చక్కెర నీళ్లలో ఎన్నో రెట్లు ఎక్కువ కరుగుతది. చక్కెర ఫ్యాక్టరీలో రసానికి సున్నం పట్టించిన ప్రతి కెమిస్టుకూ ఇది తెలుసు. నీ ఖనిజానికి తొలి పురిటిగది చక్కెర నీళ్లే, బిడ్డా. ఇది తెలిసినంక బోధన్ పిల్లకు మంచుతో ఏం పని అని ఎవరన్నా అడిగితే తడబడకుండా జవాబు చెప్పు.

ప్రకృతిలో అది దొరికింది గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలోని ఇక్కా ఫియోర్డ్‌లో. డెన్మార్క్ ఖనిజ శాస్త్రవేత్త హాన్స్ పౌలి 1963లో దాన్ని లోకానికి తెలిపిండు. అక్కడ సముద్రం అడుగు నుంచి క్షారం కలిసిన ఊటనీళ్లు పైకి ఉబుకుతయి. అవి చల్లటి సముద్రపు నీళ్లతో కలిసిన చోట ఇకైట్ స్తంభాలు లేస్తయి. కొన్ని 18 మీటర్ల ఎత్తు దాక ఉన్నయి. సముద్రపు మంచులోపల ఇకైట్ ఉందని తేలడానికి ఇంకా నలభై ఏండ్లకు పైగా పట్టింది. గెర్హార్డ్ డీక్‌మన్, ఆయన సహచరులు 2008లో అంటార్కిటికా సముద్రపు మంచులో ఉందని చూపినరు. 2010లో ఆర్కిటిక్ మంచులోనూ చూపినరు. ఆ రెండో మాదిరి ఎక్కడిదో గమనించినవా? స్వాల్బార్డ్ దీవుల్లోని కాంగ్స్‌ఫియోర్డ్‌ది. ఆ ఫియోర్డ్ ఒడ్డునే, నై-ఆలెసుండ్‌లో, మన దేశపు ఆర్కిటిక్ స్థావరం హిమాద్రి 2008 నుంచి నడుస్తున్నది. 2014లో అదే ఫియోర్డ్ నీళ్లలో మనవాళ్లు ఇండార్క్ అనే పరికరాల వరుసను దించినరు. నీ అంశం మన దేశపు పరిశోధకులు నిలబడే ఒడ్డుమీదనే ఉంది.

ఇంత కాలం మంచులో అది ఎందుకు దొరకలేదు మరి? మాదిరిని వెచ్చగా కరిగించినప్పుడల్లా అది చెప్పకుండ మాయమైంది కాబట్టి. డీక్‌మన్ బృందం మంచును 4 డిగ్రీల దగ్గరనే కరిగించి, గింజలను వెంటనే చూసింది. ఈ సంగతి నీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకో. మాదిరిని పట్టుకున్న తీరే మాదిరిని మార్చొచ్చు. ఎక్కువ చలిలో దాస్తే కూడా చిక్కే. తెచ్చిన మంచును ఇంకింత చల్లబరిస్తే, సముద్రం మీద ఉన్నప్పుడు లేని గింజలు డబ్బాలో పుడతయి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచిన మాట. పాఠ్యపుస్తకం చదివిన పిల్లలు చాలామంది కార్బోనేట్ ఖనిజం పుడితే గాలిలోని కార్బన్ బందీ అయినట్టే అనుకుంటరు. సముద్రపు నీళ్లలో అట్ల కాదు. కాల్షియం ఒకటి, బైకార్బోనేట్ రెండు కలిస్తే ఒక కాల్షియం కార్బోనేట్ వస్తది, ఒక నీటి అణువు వస్తది, ఒక కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తది. అంటే ఖనిజం పుట్టిన క్షణంలోనే అక్కడి బ్రైన్‌లో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతది. ఆ గ్యాస్ ఎటు పోయింది అన్నదాని మీదనే అంతా ఆధారపడి ఉంది. మంచులోంచి పైకి పాకి గాలిలో కలిస్తే ఒక లెక్క. బరువైన బ్రైన్‌తో కలిసి సముద్రం లోతుకు దిగిపోతే ఇంకో లెక్క. గ్యాస్ లోతుకు దిగి, ఇకైట్ గింజలు మాత్రం మంచులోనే నిలిస్తే, వేసవిలో మంచు కరిగినప్పుడు ఆ గింజలు కరుగుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పైనీళ్లలోకి లాగుతయి. గింజలు కూడా బ్రైన్‌తో కలిసి జారిపోతే ఆ లాగుడు ఉండది. సమీకరణం ఒక్కటే. ఎక్కడ, ఎప్పుడు అన్నది మారితే ఫలితం తలకిందులైతది. డెన్మార్క్‌కు చెందిన సోరెన్ రిస్‌గార్డ్ లాంటి వాళ్లు ఏండ్ల తరబడి వెంటాడుతున్నది ఈ లెక్కనే. అంటార్కిటికా చుట్టూ చలికాలం చివర సముద్రపు మంచు సుమారు 180 లక్షల చదరపు కిలోమీటర్లకు పరుచుకుంటది, మన దేశానికి అయిదు రెట్లకు పైనే. అంత మేర జరిగే పని కాబట్టి ఒక్కో లీటరులో ఉండే కొద్దిపాటి తేడా కూడా లోకానికి లెక్కే.

ల్యాబులో మేము రోజూ ఒక రిపోర్టు రాసేవాళ్లం. చెరుకుతో లోపలికి వచ్చిన చక్కెర ఎంత, బస్తాల్లోకి పోయింది ఎంత, పిప్పిలో ఎంత, ఫిల్టర్ మడ్డిలో ఎంత, మొలాసిస్‌లో ఎంత. అన్నీ కూడినంక ఇంకా తక్కువ పడితే దాన్ని ‘అన్‌నోన్ లాస్’ అనే గడిలో రాయాలె. కొత్తగా చేరిన పిల్లలు తెల్లటి గింజను చూసి సంబరపడేవాళ్లు. పెద్ద కెమిస్టులు మాత్రం మొలాసిస్ రిపోర్టు ముందు అడిగేవాళ్లు, ఎందుకంటే ఫ్యాక్టరీ నడిచే తీరు అక్కడ బయటపడుతది. నీకు నేను ఇచ్చే సలహా ఇదొక్కటే. దొరికిన ఖనిజం ఎంత ముద్దుగా ఉన్నా సరే, మిగిలిన ద్రవం ఎటు పోయిందో రాయకుండ ఫలితం చెప్పకు. మంచు కోర్‌ను పైకి లాగుతుండంగనే దానిలోని బ్రైన్ చుక్కలు చుక్కలుగా కారిపోతదని నీ కాగితాల్లోనే రాసినవు. అంటే చేతికి వచ్చే మాదిరిలో సగం కథ అప్పటికే నేలపాలైంది. ఆ కారిపోయిన దాన్ని ఎట్ల లెక్కకు తేవాలె అన్న ప్రశ్న మీద ఒక ఏడాది ఖర్చయినా వృథా కాదు.

శాశ్వతంగా గడ్డకట్టిన నేల మీద కూడా నీకు ఒక అధ్యాయం ఉంది కదా, అక్కడా ఇదే నియమం. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ఆ నేలల్లో 1,460 నుంచి 1,600 బిలియన్ టన్నుల సేంద్రియ కార్బన్ దాగి ఉందని అంచనా. గాలిలో ఉన్న కార్బన్‌కు అది దాదాపు రెట్టింపు. దానిలో కొంత భాగాన్ని తుప్పులాంటి ఇనుప ఖనిజాలు తమ మీద పట్టుకుని ఉంటయి. స్వీడన్ ఉత్తర కొసన అబిస్కో దగ్గర స్టోర్డాలెన్ అనే బురదనేల ఉంది. అక్కడ నేల కరిగి నీళ్లు నిలిచిన చోట గాలి అందక, బ్యాక్టీరియా ఇనుమును వాడుకుని దాన్ని కరిగిస్తున్నయని, ఇనుము పట్టుకున్న కార్బన్ విడిపోతున్నదని 2020లో అచ్చయిన పరిశోధన చూపింది. చలి ఒక్కటే కార్బన్‌కు కాపలా అనుకుంటం. ఖనిజం కూడా కాపలా కాస్తది, నీళ్లు నిలిస్తే ఆ కాపలా సడలుతది. ఇనుము కరిగిందని రాసి ఊరుకుంటే చాలదు. విడిపోయిన కార్బన్ నీళ్లలో కొట్టుకపోయిందా, కార్బన్ డయాక్సైడ్ అయిందా, మీథేన్ అయిందా? ఆ గడులన్నీ నింపాలె.

ఇంట్లో అడిగే ప్రశ్నకు మన నేలే జవాబు చెప్తది. ఉమ్మడి జిల్లా పడమట మద్నూర్, జుక్కల్ దిక్కు దక్కన్ నల్లరాయి ఉంది. వానచినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని ఆ రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తది. కాల్షియం, బైకార్బోనేట్ నీళ్లలోకి వస్తయి, మంజీరలో కలుస్తయి, కందకుర్తి దగ్గర గోదావరిలో చేరి సముద్రానికి పోతయి. పోనిది కొంత నల్లరేగడిలో నిలిచి, ఎండకు నీళ్లు ఆవిరైనప్పుడు తెల్లటి సున్నపు గడ్డలైతది. దుక్కి దున్నేటప్పుడు నాగలికి తగిలేవి అవే. ఇక్కడ ఎండ చేసే పనిని అక్కడ చలి చేస్తున్నది. రెండూ నీళ్లను తీసేసి మిగిలినదాన్ని చిక్కబరుస్తయి. సున్నపు గడ్డ విషయంలోనూ లెక్క తేలిక కాదు. ఆ కాల్షియం నల్లరాయి నుంచి వచ్చిందయితే గాలి నుంచి కొంత కార్బన్ నిజంగా తగ్గినట్టు. పాత సున్నపురాయి కరిగి మళ్లీ గడ్డ కట్టిందయితే కొత్తగా తగ్గింది ఏమీ లేదు. నువ్వు ధ్రువాల్లో నేర్చుకునే పద్ధతితో రేపు బోధన్ చెరుకుచేను మట్టిని కూడా చదవగలవు.

ఇంకో సంగతి మీ నాయనకు చెప్పు. మన తెలుగు సముద్రం అడుగునే గడ్డకట్టిన కార్బన్ ఉంది. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే నౌక కృష్ణా గోదావరి బేసిన్‌లో తవ్వినప్పుడు, ఒక చోట సుమారు 128 మీటర్ల మందంలో మీథేన్ హైడ్రేట్ ఉన్న పొర దొరికింది. అది మంచులాగ కనపడే పదార్థం. నీటి అణువుల పంజరంలో మీథేన్ చిక్కుకుని ఉంటది. అక్కడ నీళ్లు గడ్డకట్టేంత చలి లేదు, లోతు ఒత్తిడే దాన్ని నిలబెడుతది. ఆ బేసిన్‌లోనే పైకి పాకే మీథేన్‌ను సూక్ష్మజీవులు సల్ఫేట్‌తో ఆక్సీకరించి బైకార్బోనేట్ చేస్తే, అది కాల్షియంతో కలిసి కార్బోనేట్ రాళ్లయింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు ఆ రాళ్లను చదివినరు. చలిజీవుల సంగతి కావాల్నంటే హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ దగ్గరనే ఉంది. అక్కడి ఎస్. శివాజీ, ఆయన సహచరులు అంటార్కిటికా నుంచి తెచ్చిన మట్టిలో కొత్త బ్యాక్టీరియా జాతులను గుర్తించి పేర్లు పెట్టినరు. అంటార్కిటికాలోని భారతి స్థావరంలో దిగే ఉపగ్రహ సమాచారం మన షాద్‌నగర్‌కు చేరుతది. మంచు మనకు అంత దూరం లేదు.

ఆడపిల్ల అంత దూరం ఎట్ల పోతదని మీ అమ్మ బుగులు పడుతున్నదని తెలుసు. సుదీప్త సేన్‌గుప్తా అనే భూగర్భ శాస్త్రవేత్త, అదితి పంత్ అనే సముద్ర శాస్త్రవేత్త 1983లోనే మన మూడో యాత్రలో అంటార్కిటికా పోయినరు. ఇస్రో నుంచి మంగళ మణి 56 ఏండ్ల వయసులో భారతి స్థావరానికి పోయి, 2016, 2017ల్లో 403 రోజులు అక్కడ ఉండి వచ్చింది. పోయేముందు వైద్య పరీక్షలు ఉంటయి, ఔలిలో మంచుమీద మెలిగే శిక్షణ ఉంటది. భయం ఉండడం తప్పు కాదని అమ్మకు చెప్పు. ఎట్లాంటి ఏర్పాట్లు ఉన్నయో దగ్గర కూసుండి వివరంగా చెప్పు. పెండ్లి మాట వస్తే, నీ పని ఏందో అడిగి తెలుసుకునే ఇల్లే నీకు తగిన ఇల్లని నా తరఫున చెప్పు. మీ నాయనతో నేను మాట్లాడుత.

పని మొదలైనంక వచ్చే కష్టాలు కూడా రాయకుంటే ఈ ఉత్తరం అసంపూర్తి. ఫెలోషిప్ డబ్బు ఒక్కోసారి నెలల తరబడి రాదు. అట్లాంటప్పుడు మొహమాటపడకు, నాకు ఫోన్ చెయ్యి. యంత్రం చెడిపోతది, మాదిరి కరిగిపోతది, ఒక ఏడాది పని ఒక్క వారంలో పనికిరాకుండ పోయిందనిపిస్తది. అప్పుడు చేసింది దాచకు, పారెయ్యకు, తారీఖు వేసి అట్లనే రాసిపెట్టు. చెడిన మాదిరి కూడా చలి గురించి ఏదో ఒకటి చెప్తది. గైడ్‌తో గౌరవంగా ఉండు, కాని అర్థం కానిదాన్ని అర్థమైనట్టు తల ఊపకు. నీ కొలత ఎంత చెప్తదో అంతే రాయి. ఒక ఫియోర్డ్‌లో కొలిచిన దాన్ని లోకమంతటికీ గుణించేటప్పుడు పది సార్లు ఆలోచించు. వాతావరణం గురించి ఈ రోజుల్లో అందరూ తొందరపడి మాట్లాడుతున్నరు. ఆ తొందరలో కొలతలు నమ్మదగినట్టు ఉండాలంటే నీలాంటోళ్లు నింపాదిగా, నిజాయితీగా లెక్క రాయాలె.

బోధన్‌లోని శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ సంగతి కూడా ఇందుకే గుర్తు చేస్తున్న. నిజాంసాగర్ నీళ్లు వచ్చినయి కాబట్టి ఇక్కడ చెరుకు పెరిగింది, 1937లో ఫ్యాక్టరీ లేచింది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసింది. 2015 చివర్లో అది మూతపడ్డది. ఈ ఊరు ఇన్నేండ్లు స్ఫటికం ఎట్ల కట్టాలె, ద్రవం ఎట్ల వేరు చెయ్యాలె, నష్టం ఎట్ల లెక్కించాలె అని నేర్చుకున్న విద్య గేటుకు తాళం పడితే పోవొద్దు. చెరుకు తూకం కాడ నిలబడ్డ రైతుల పిల్లలు, పాన్ దగ్గర చెమటోడ్చిన కార్మికుల పిల్లలు ఆ విద్యను ఇంకో చోటికి తీసుకుపోవాలె. నువ్వు తీసుకుపోయే చోటు ధ్రువాలయితే నాకు అంతకన్నా సంతోషం లేదు.

ఇగ ఒక పని. చేరేముందే ఒక పెద్ద కాగితం మీద పట్టీ గీయి. ఎడమ దిక్కు సముద్రపు నీళ్లలో మొదట ఉన్న కార్బన్ రాయి. కుడి దిక్కు గడులు పెట్టు: మంచులో నిలిచిన ఇకైట్, జారిపోయిన ఇకైట్, లోతుకు దిగిన బ్రైన్, గాలిలోకి పోయిన గ్యాస్, మంచులో బతికే నాచు తిన్నది, చివర ‘అన్‌నోన్ లాస్’. ఒక్కో గడి పక్కన దాన్ని దేంతో కొలుస్తవో, ఎంత తప్పు రావచ్చో రాసి నాకు పంపు. కూడికలు నేను సరిచూస్త. ఏ గడి పక్కన కొలిచే దారి రాయలేకపోతవో, నీ పరిశోధన ఆ గడి నుంచి మొదలుపెట్టు.

ఇట్లు,
నీ పెద్దనాయన